గొళ్ళెం ఎవరింటి పిల్లాడు?

కిందటి వారం మన కోచమ్మను మేఘాల మీద ఊరేగించి, ఆఖరి పేరాలో ఒక్క కుదుపున నేల మీద పడేశాం. ఆ సంచిక చేతికందనివాళ్ళు ఉంటారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసే ఈ ఇల్లాలు, ఇంటర్నెట్‌లో ఆడే ఒక ఐస్ హాకీ ఆటలో మన దేశపు కుర్రాళ్ళ జట్టుకు కోచ్. ఆ కుర్రాళ్ళెవరూ నిజంగా పుట్టినవాళ్ళు కారు, కంప్యూటర్ కన్న పిల్లలు. అయితేనేం, ఒక్కొక్కణ్ణి ఎక్కడో ఒకచోట ఒక మనిషి తన క్లబ్బులో చేర్చుకుని, శిక్షణ ఇచ్చి, కడుపున పుట్టినవాడిలా సాకుతుంటారు. యజమానులు ఓట్లేసి ఎన్నుకునే దేశం కోచ్‌కు, తనకంటూ ఒక క్లబ్బు ఉన్నా, ఆ జట్టులో సొంత పిల్లాడంటూ ఒక్కడూ ఉండడు. అందరి పిల్లల్నీ బతిమాలి తెచ్చుకుని, ఆడించి, మళ్ళీ ఎవరి పిల్లాణ్ణి వాళ్ళకు అప్పగించాలి. ఇరవై నిండిన మరుక్షణం ఆ పిల్లాడు కుర్రాళ్ళ జట్టుకు పనికిరాడు. ఆటలో ఏడాది అంటే మనకు కొన్ని నెలలే కాబట్టి ఆ ఇరవై కూడా చూస్తూండగానే నిండిపోతాయి.

ఇన్నేళ్ళుగా మొదటి రౌండులోనే మూటాముల్లె సర్దుకుని వచ్చే మన జట్టు, ఈసారి క్వార్టర్ ఫైనల్ చేరింది. డిపోలో మెకానిక్కులూ కండక్టర్లూ కోచమ్మ టేబుల్ చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. పక్ అంటే నల్లటి రబ్బరు బిళ్ళ అని వాళ్ళలో సగం మందికి ఆ రోజే తెలిసింది. అయినా చప్పట్లకు లోటు చేయలేదు. అవి ఇంకా చెవుల్లో మోగుతుండగానే ఇంటికి వచ్చి చూసుకుంటే తాఖీదు. ఆటలో తగవులు తీర్చే పెద్దమనిషి, అందరూ ఈలమాస్టారు అని పిలుచుకునే ఆయన, పంపింది.

“మీ జట్టు గోల్ కీపర్ గొళ్ళెం ఏ క్లబ్బువాడో, ఆ క్లబ్బు మీ ఇంటి నుంచే నడుస్తోంది. ఒకే మనిషి దొంగ పేరుతో రెండో క్లబ్బు నడపడం ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద తప్పు. రేపు సాయంత్రం మ్యాచ్‌లోపు సంజాయిషీ చెప్పండి. లేదంటే మిమ్మల్ని కోచ్‌గా తొలగించి, జట్టును పోటీ నుంచి తీసేస్తాం.”

గొళ్ళెం అసలు పేరు వేరే. వాడు గోలు ముందు నిలబడితే తలుపుకు గొళ్ళెం పడ్డట్టేనని అభిమానులు పెట్టిన పేరది. వాణ్ణి పెంచిన క్లబ్బు యజమాని పేరు ఆటలో చేదుమాత్ర. ప్రతి మ్యాచ్ తరువాత, ఆడేవాళ్ళంతా మాట్లాడుకునే ఫోరంలో చేరి, కోచమ్మ పిల్లల్ని దింపిన వరసను, అదే లైన్లను, కడిగిపారేసే నోరు ఆ చేదుమాత్రది. ఆ నోటికి జడిసి, ఆ కీపర్‌కు మురిసి, ఆవిడ ఇన్నాళ్ళూ ‘చేదుమాత్ర గారికి నమస్కారాలతో’ అని సందేశాలు రాస్తూ వచ్చింది. ఎవరో పెద్దాయన, ముక్కు మీద కోపం ఉన్న మనిషి అనుకుంది. ఆ మనిషి తన ఇంట్లోనే ఉన్నాడంటే నమ్మడం ఎలా?

ఇక ఈ వారం సంగతి. ఆదివారం పొద్దున్న.

కోచమ్మ భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మనిషి నిదానస్తుడు. ఆ పూట వారానికి సరిపడా చొక్కాలు ముందేసుకుని ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కోచమ్మ గుమ్మంలో నిలబడి సూటిగా అడిగింది.

“మీరేనా?”

“ఏది నేనేనా?”

“చేదుమాత్ర.”

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి భార్యను ఎగాదిగా చూశాడు. “ఏమోయ్, ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికే నేను వెనకాముందూ ఆడతాను. ఊరందరి ముందూ నిన్ను ఏకిపారేసే గుండె నాకెక్కడిది?”

నిజమే అనిపించింది ఆవిడకు. అంత తిట్టాలంటే ఆట తెలియాలి. ఈయనకు ఆటలో ఎంత మంది ఉంటారో కూడా తెలియదు.

“ఇంతకీ ఆ క్లబ్బు ఎప్పుడు తెరుస్తున్నారట?” అని ఆయనే మళ్ళీ అడిగాడు.

“పగటి పూటట. నేను డిపోలో ఉన్నప్పుడు.”

“నువ్వు డిపోలో ఉంటావు, నేను ఏదో ఒక లిఫ్టు గుంటలో ఉంటాను. ఇంట్లో ఇంకెవరుంటారు?”

అడిగినవాడూ, విన్నావిడా ఒకేసారి వంటింటి వైపు చూశారు.

వంటింట్లో అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తోంది. ఆస్పత్రి మందుల విభాగంలో పెద్దగా చేసి రిటైరైన మనిషి. కూరగాయలు తరిగినా ముక్క ముక్కకూ తేడా రాదు. మధ్యాహ్నాలు టాబ్లెట్ ముందు కూర్చుని పేకముక్కలు సర్దే ఆట ఆడుకుంటుందనీ, జ్ఞాపకశక్తికి అది మంచిదని ఎవరో చెప్పారనీ ఇంట్లో అందరి నమ్మకం. కోడలైతే పోయిన పుట్టినరోజుకు ఆ టాబ్లెట్‌కు మంచి అట్ట కూడా కొనిపెట్టింది.

“అత్తయ్యా, చేదుమాత్ర ఎవరో మీకేమైనా తెలుసా?”

అత్తగారు తల ఎత్తలేదు. ఇంకో కాయ తీసుకుని ఈనె లాగింది.

“మూడో లైన్లో ఆ పొట్టివాణ్ణి మళ్ళీ ఎందుకు వేశావ్?” అంది.

కోచమ్మ ఒక్క అంగలో అత్తగారి ముందుకు వచ్చింది. ఇక నోరు ఆగలేదు.

“మీరా! ఇన్నాళ్ళుగా నన్ను ఉతికి ఆరేస్తున్నది మీరా?”

“ఉతికితే మురికి పోతుందని.”

“గుడ్డెద్దు చేలో పడ్డట్టు లైన్లు వేస్తున్నానని రాశారు! అది చదివి బాత్రూములో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చాను!”

“తెలుసు. అందుకేగా ఆ రోజు నీకు వేడివేడిగా రెండుసార్లు టీ ఇచ్చాను.”

“అదేదో ఇంట్లో నా మొహం మీదే అనొచ్చుగా! చాటుగా వెళ్ళి మొత్తం దేశం ముందు అనడమెందుకు?”

అత్తగారు అప్పుడు తల ఎత్తింది. కళ్ళద్దాల మీదుగా కోడలిని చూసింది.

“ఇంట్లో కోడల్ని ఒక మాటంటే సాధింపంటారు అమ్మాయ్. అదే మాట అక్కడంటే విశ్లేషణ అంటారు. నలుగురు మెచ్చుకుంటారు కూడా.”

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న కొడుక్కి నవ్వు ఆగలేదు. భార్య చూసిన చూపుకు ఆగింది.

కోచమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. కోపం తగ్గలేదు గానీ దాని పక్కనే ఇంకేదో మొదలైంది. అసలీవిడ ఆటలోకి ఎలా వచ్చింది? అడిగితే అత్తగారు దాచకుండా చెప్పింది. రిటైరైన కొత్తలో పొద్దు గడిచేది కాదట. టీ ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా కోడలు తెర ముందు ఒంటరిగా నవ్వడం, పళ్ళు కొరకడం, ఒకసారి లేచి గంతు వెయ్యడం చూసిందట. అంత ఇదేముందో చూద్దామని తనూ ఒక క్లబ్బు పెట్టుకుందట. మొదటి సీజన్లోనే పదిహేనేళ్ళ బక్క కుర్రాడు ఒకడు ఆ క్లబ్బులో పడ్డాడు. అందరూ అలాంటివాణ్ణి వెంటనే ఆడించి నలుగురి కళ్ళల్లో పడాలని చూస్తారు. అత్తగారు ఆడించలేదు. ముందు చూపు, తరువాత పాదాలు, ఆ తరువాతే చేతులు అని, మందు మోతాదు పెంచుకుంటూ పోయినట్టు మెల్లగా శిక్షణ ఇచ్చింది. ఆ వరసలో కీపర్‌ను తయారుచేసే ఓపిక ఈ ఆటలో ఇంకెవరికీ లేదన్న సంగతి కోచమ్మకు తెలుసు. ఆ వరస రాబట్టడం కోసమే ఆవిడ చేదుమాత్రకు ఎన్నో సందేశాలు రాసింది, ఆ రహస్యం మాత్రం ఒక్కసారీ బయటికి రాలేదు.

“సరే గానీ, కోచ్ ఎన్నికల్లో నాకు ఓటు వేశారా?”

“లేదు. ఎదుటివాడికి వేశా.”

“అత్తయ్యా!”

“నువ్వు గెలిస్తే రోజూ కూర మాడుతుందనుకున్నా. గెలిచాక మాడలేదు, అది వేరే సంగతి.”

కోచమ్మకు మండుకొచ్చింది. ఇంకేదో అనబోయింది. అంతలో తను పంపిన సందేశాలు గుర్తొచ్చాయి. ఈ ఆటలో ఒక రూలుంది. క్లబ్బు మ్యాచ్ ఆడిన పిల్లాడు అదే రోజు దేశం తరఫున ఆడితే అలసిపోయి ఉంటాడు, సగం మనిషే. అందుకని కోచ్ ప్రతి పెద్ద మ్యాచ్‌కు ముందూ యజమానుల కాళ్ళావేళ్ళా పడుతుంది, మీ పిల్లాణ్ణి ఈ పూట కూర్చోబెట్టండి అని. సగం మంది వినరు. క్లబ్బు ఓడిపోతే వాళ్ళకు నష్టం మరి. చేదుమాత్ర ఒక్కసారి కూడా కాదనలేదు. ఫోరంలో తిట్టిన నోటితోనే, సందేశానికి మాత్రం ‘సరే’ అని ఒక్క మాట జవాబిచ్చి కీపర్‌ను కూర్చోబెట్టేది.

“మీ క్లబ్బు కింది డివిజన్‌కు పడిపోయింది కదూ?” అంది మెల్లగా.

“పడింది.”

“వాణ్ణి నా కోసం కూర్చోబెట్టబట్టే కదా?”

“పడితే పడింది. దేశం ఆడుతుంటే నా క్లబ్బు గొడవ ఎవడిక్కావాలి?” అని అత్తగారు గిన్నె దగ్గరికి లాక్కుంది. “నీ కోసమని నేననలేదు.”

అనలేదు నిజమే. కోచమ్మకు కళ్ళు చెమర్చాయి. కానీ కళ్ళు తుడుచుకునే తీరిక లేదు. తాఖీదు చదివి వినిపించింది. వింటున్నకొద్దీ అత్తగారి చేతుల్లో బీన్స్ కాయ కదలడం మానేసింది.

“ఒకే ఇంట్లో ఇద్దరు ఆడొచ్చు అత్తయ్యా, తప్పు లేదు. కాకపోతే చేరిన రోజే, మా ఇంట్లో ఇంకొకరు ఆడుతున్నారు అని ఒక గడిలో టిక్కు పెట్టాలి. మీరు పెట్టలేదా?”

“పెడితే ఆ ఇంకొకరికి కబురు వెళుతుందని అక్కడే రాసుంది. నీకు తెలిసిపోతుందని వదిలేశా.” అత్తగారి గొంతు మొదటిసారి సన్నబడింది. “ఏమిటిప్పుడు, నా వల్ల నీ కోచ్ పదవి పోతుందా? నలుగురూ నిన్ను దొంగంటారా?”

“ఎవరంటారో చూద్దాం,” అని కోచమ్మ ఫోన్ తీసి ఈలమాస్టారికి వీడియో కాల్ చేసింది.

ఈలమాస్టారు నున్నగా గడ్డం గీసుకుని, మెడలో నిజంగానే ఒక ఈల వేసుకుని తెర మీద ప్రత్యక్షమయ్యాడు. అత్తాకోడళ్ళను పక్కపక్కన చూసి నమస్కారం పెట్టాడు. విషయమంతా విన్నాడు. విని, తల అడ్డంగా ఊపాడు.

“కథ బాగానే ఉందమ్మా. కానీ ఇలాంటివి నేను చాలా చూశాను. మొన్నొకాయన వాళ్ళ తాతగారిని తెచ్చి కూర్చోబెట్టి, రెండో క్లబ్బు ఈయనదే అన్నాడు. ఆ తాతగారు హాకీ కర్రను గొడుగు అనుకున్నారు. పెద్దావిడ మీ మాటకు తల ఊపడం లేదని నాకేంటి నమ్మకం?”

“తల ఊపడమా? ఈవిడా?” అన్నాడు వెనక నుంచి భర్త.

ఈలమాస్టారు ఒక పరీక్ష పెట్టాడు. ఇద్దరూ చెరో గదిలోకి వెళ్ళి, ఈ సాయంత్రం మ్యాచ్‌కు లైన్లు కాగితం మీద రాసి తేవాలి. లైను అంటే మంచు మీదికి ఒకేసారి దిగే ఐదుగురు. వాళ్ళు అలసిపోగానే తరువాతి ఐదుగురు దిగుతారు. ఎవరి వెనక ఎవరిని దింపాలన్నదే కోచ్ బుర్రకు పని. ఇద్దరూ రాసుకొచ్చి ఒకేసారి తెర ముందు పెట్టారు. కీపర్ దగ్గర ఇద్దరి కాగితాల్లోనూ గొళ్ళెం పేరే ఉంది. మిగతావి ఎక్కడా పొంతన లేవు.

ఈలమాస్టారు ఇంకా ప్రశ్న అడగనే లేదు.

“మళ్ళీ ఆ పొట్టివాడే!” అంది అత్తగారు కోడలి కాగితం చూసి. “గోడవారన పక్ కోసం పెనుగులాట పడితే వాడు నిలబడగలడా?”

“వాడు పెనుగులాడటానికి కాదు, పరిగెత్తడానికి! అవతలివాళ్ళు అలిసినప్పుడు వాణ్ణి వదులుతాను.”

“వాళ్ళు అలిసేలోపు మన మీద రెండు గోల్స్ పడతాయి.”

“మీరు రాసిందేంటి, రెండు లైన్లలోనూ బండరాముళ్ళే! రాత్రి డ్యూటీ దిగినవాణ్ణి పొద్దున్నే మళ్ళీ బండెక్కించినట్టుంది. మూడో పీరియడ్‌కు, ఆట ఆఖరికి, వాళ్ళు నడవగలరా?”

“డ్రైవర్ల లెక్క డిపోలో చూసుకో. నేను చెబుతున్నది హాకీ.”

“మనుషులు ఎక్కడైనా మనుషులే అత్తయ్యా!”

“పోయినసారి ఇదే మాట అని ఆఖరి నిమిషంలో గోల్ ఇచ్చావు!”

“ఆ గోల్ మీ గొళ్ళెం కాళ్ళ మధ్య నుంచి పోయింది!”

“నా పిల్లాణ్ణి ఒక్క మాటన్నావంటే బాగుండదు చెబుతున్నా!”

తెర మీద ఈల మోగింది. గదిలో గిన్నెలు కూడా అదిరాయి.

“చాలమ్మా, చాలు! ఒకే మనిషి రెండు వేషాలు వేస్తోందేమోనని అనుమానపడ్డాను, నిజం. కానీ ఏ మనిషైనా తనతో తాను ఇంత బ్రహ్మాండంగా పోట్లాడుకోలేదు. మీరు ఇద్దరే. రాసుకుంటున్నాను.” ఆయన రాసుకుని, గొంతు సవరించుకున్నాడు. “ఇంకో మాట కూడా చెప్పనివ్వండి. ఈ కీపర్‌ను ఇంత బాగా పెంచినావిడ, ఈ జట్టును ఇంత దూరం తెచ్చినావిడ ఒకే ఇంట్లో ఉన్నారంటే, ఆ ఇంటికి రెండు చేతులా దండం పెట్టాలి.”

అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. కానీ ఇద్దరి వెన్నులూ నిటారుగా అయ్యాయి. వెనక భర్త ఛాతీ సంగతి చెప్పనక్కర్లేదు.

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

“అయితే,” అన్నాడు ఈలమాస్టారు. ఆ మాట తరువాత మంచి కబురు వచ్చిన చరిత్ర ఎక్కడా లేదు. “కోచ్ ఇంటివాళ్ళ ఆటగాడు దేశం జట్టులో ఆడాలంటే కమిటీ ముందుగా ఒప్పుకోవాలి. కమిటీ కూర్చోవడం ఈ సాయంత్రంలోపు జరిగే పని కాదు. జట్టుకు ఢోకా లేదు. కానీ మ్యాచ్ మొదలయ్యేసరికి కోచ్ అయినా మారాలి, కీపర్ అయినా మారాలి. ఇద్దరూ ఉండటానికి లేదు. ఏదో మీరే తేల్చుకుని నాకు చెప్పండి.”

తెర నల్లబడింది.

కోచమ్మ ఎక్కువసేపు ఆలోచించలేదు. గొళ్ళానికి ఇది ఆఖరి పోటీ. ఇది దాటితే వాడికి ఇరవై నిండుతాయి. కోచ్ అంటారా, వచ్చే ఏడూ ఎన్నికలుంటాయి. పైగా వాడు లేకుండా ఆ ప్రత్యర్థి ముందు నిలబడటం గొడుగు లేకుండా తుఫానులోకి వెళ్ళడమే. టార్చిలైటుకు ఫోన్ చేసింది. టార్చిలైటు అంటే ఆమె సహాయకుడు, ఎక్కడో పళ్ళ సెట్లు తయారుచేసే కుర్రవాడు. ఏ మూల క్లబ్బులో మంచి పిల్లాడున్నా వెలుగు వేసి పట్టుకొస్తాడని ఆ పేరు.

“తమ్ముడూ, ఈ సాయంత్రం జట్టు నీ చేతుల్లో పెడుతున్నా.”

“వద్దక్కా!” అని అవతల నుంచి ఏడుపు గొంతు వినిపించింది. “వెతికిపెట్టడం నా పని, ఆడించడం నీ పని. నాకు చేతులు వణుకుతాయి.”

“వణికినా పర్లేదు. గొళ్ళెం ఉంటాడు,” అని పెట్టేసి, ఆవిడ రాజీనామా రాయడానికి కూర్చుంది. ముందు పిల్లల యజమానులందరికీ కృతజ్ఞతలు రాయాలి. ఒక్కొక్క పిల్లాడి పేరూ రాస్తుంటే వాడు మొదటిసారి జట్టులోకి వచ్చిన రోజు గుర్తొస్తోంది. ఒకడి యజమాని నర్సు, ఇంకొకడి యజమాని లారీలు కడిగేవాడు, మరొకడిది కవలలిద్దరి క్లబ్బు. నన్ను నమ్మి మీ బిడ్డల్ని పంపారు అని రాసేసరికి అక్షరాలు మసకబారాయి.

భర్త పక్కన వచ్చి కూర్చున్నాడు. “నాకు ఈ ఆట అర్థం కాదోయ్,” అన్నాడు. “కానీ నిన్న ఒక బిల్డింగులో లిఫ్టు బాగుచేస్తుంటే, వాచ్‌మన్ ఫోన్‌లో నీ జట్టు మ్యాచే చూస్తున్నాడు. ఆ కోచ్ మా ఆవిడే అన్నాను. నమ్మలేదు. నమ్మించి గానీ కిందికి దిగలేదు నేను.”

ఆవిడ నవ్వబోయింది, ఏడ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది, కాల్ పెట్టేసినప్పటి నుంచి అత్తగారి అలికిడి లేదు.

అత్తగారు అప్పుడే గదిలోంచి వచ్చింది. టాబ్లెట్ బల్ల మీద పెట్టింది.

“ఆ రాసేది ఆపు. వాడిప్పుడు మనింటివాడు కాడు. సంతలో పెట్టేశా.”

సంత అంటే ఆటగాళ్ళను అమ్ముకునే చోటు. యజమాని ధర పెడితే, ముందు ఎవరు నొక్కితే పిల్లాడు వాళ్ళ క్లబ్బుకు వెళ్ళిపోతాడు. ఒకసారి వెళితే వెనక్కి తీసుకోవడం కుదరదు, క్లబ్బు మారినా వాడు ఆడే దేశం మాత్రం మారదు.

“అత్తయ్యా... అమ్మేశారా?”

“ఎంత తక్కువకు పెట్టొచ్చో అంతకు పెట్టా. పెట్టీ పెట్టగానే ఎవరో ఎగరేసుకుపోయారు.”

“వాడు మీ ప్రాణం కదా!”

“ప్రాణమే. ఇప్పుడు కాదంటానా?” అత్తగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తుడవాల్సింది అద్దాలు కావని ముగ్గురికీ తెలుసు. “నా దగ్గరుంటే వాడు ఈ సాయంత్రం బెంచీ మీద కూర్చోవాలి, లేదా నువ్వు దిగిపోవాలి. నువ్వు దిగిపోతే వాడి ముందు ఆ లైన్లు వేసేదెవరు? నేను రోజూ తిడుతున్నానని, నీకంటే బాగా వేసేవాళ్ళున్నారనుకున్నావా పిచ్చిదానా? ఉంటే వాళ్ళనే తిట్టేదాన్ని కదా.”

కోచమ్మ లేచి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళ కాపురంలో ఆవిడ నోటి నుంచి ఇలాంటి మాట వినడం ఇదే మొదలు.

“టార్చిలైటు క్లబ్బుకే ఇచ్చి ఉండాల్సింది కదమ్మా?” అన్నాడు కొడుకు. “తెలిసినవాడు.”

“తెలిసినవాళ్ళకు ఇస్తే మళ్ళీ దొంగాట అంటారు. నా కోడలి మీద ఆ మాట ఇంకోసారి పడనివ్వను. అందుకే నలుగురి మధ్య బజార్లో పెట్టా. ఎవరైనా కొనుక్కోవచ్చు.”

కోచమ్మ సంగతి రాసి పంపగా, కాసేపట్లో ఈలమాస్టారి జవాబు వచ్చింది. కీపర్ చేతులు మారాడు, అమ్మకం సక్రమంగా ఉంది, కోచ్ కోచ్‌గానే ఉండొచ్చు, కీపర్ ఆడొచ్చు. కోచమ్మ రాజీనామా చెరిపేసి జట్టు పేజీ తెరిచింది. గోల్ దగ్గర గొళ్ళెం పేరు పెట్టింది. పెడుతూ అత్తగారి వైపు చూస్తే, ఆవిడ పైకి మాత్రం పొట్టివాడి పేరునే చూస్తున్నట్టు నటిస్తోంది. కోచమ్మ ఆ పొట్టివాణ్ణి మూడో లైనులోంచి నాలుగో లైనుకు జరిపింది. అత్తగారు దగ్గింది. అంతకు మించి మెచ్చుకోలు ఆ ఇంట్లో ఎవరూ ఆశించకూడదు.

ఫోన్ మోగింది. టార్చిలైటు.

“అక్కా, గొళ్ళాన్ని కొన్నది ఎవరో చూశావా?”

“లేదు. ఎవరు?”

“సాయంత్రం మన మీద ఆడే జట్టు కోచ్!”

ముగ్గురూ తెర ముందుకు చేరారు. కోచమ్మ ఆ క్లబ్బు పేజీ తెరిచింది. నిజమే. తనకే ఎదురు నిలబోయే కోచ్, తన కీపర్‌కు ఇప్పుడు యజమాని. అంతే కాదు, ఆ క్లబ్బు క్వార్టర్ ఫైనల్‌కు కాస్త ముందు ఒక స్నేహపూర్వక మ్యాచ్ పెట్టుకుంది. ఆ మ్యాచ్ ఆడబోయేవాళ్ళలో మొట్టమొదటి పేరు గొళ్ళానిదే. అది ఆడితే వాడు సాయంత్రం దేశం గోలు ముందుకు ఈడ్చుకుంటూ రావాలి. అలసినవాణ్ణి నిలబెట్టడమా, వాణ్ణి వదిలేసి అనుభవం లేని రెండో కీపర్‌ను దింపడమా?

“నా చేతులారా పంపించానే,” అంది అత్తగారు.

కోచమ్మ ధైర్యం చెప్పబోతుండగా టాబ్లెట్ మీద సందేశం వెలిగింది. కొన్నాయన దగ్గర నుంచే. ఫోన్ నంబరు ఇచ్చి, కింద రెండు వాక్యాలు రాశాడు.

“ఈ కుర్రాణ్ణి పెంచినవారితో నేను మాట్లాడాలి. మా మ్యాచ్ మొదలయ్యేలోపు వాళ్ళు ఫోన్ చేస్తే, వీణ్ణి ఆడించాలో కూర్చోబెట్టాలో అప్పుడు తేలుస్తాను.”

“బేరమో, బెదిరింపో,” అన్నాడు భర్త.

“నేను మాట్లాడతా,” అని కోచమ్మ ఫోన్ అందుకుంది.

“నీకు కాదు రాసింది. పెంచినవాళ్ళకు.” అత్తగారు కోడలి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. చేతులు తుడుచుకుంది, కళ్ళద్దాలు పెట్టుకుంది, కుర్చీలో నిటారుగా కూర్చుంది. నంబరు ఒక్కొక్క అంకే నొక్కింది. అవతల మోగుతున్న చప్పుడు గదిలో అందరికీ వినిపిస్తోంది. ఎత్తారు.

“చేదుమాత్రను మాట్లాడుతున్నా,” అంది. “చెప్పండి. నా పిల్లాడితో మీకేం పని?”